‘మాత్రలు మానేయండి’ అనే ఒక్క మాట ఆపండి: గ్రూపు అడ్మిన్లకు, డాక్టర్లకు, ఆరోగ్య శాఖ అధికారులకు బహిరంగ లేఖ

కుటుంబాల, కాలనీల, పదో తరగతి బ్యాచ్‌ల వాట్సాప్ గ్రూపులు నడుపుతున్న అడ్మిన్లకు, డాక్టర్లకు, జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారులకు,

నమస్కారం.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సోషల్ టీచర్‌ని. ఈ లేఖ రాసే ముందు నా గోడు మూడు చోట్ల చెప్పుకున్నాను. మొదట మా బంధువుల గ్రూపులో రాశాను. అరగంటలో నా మెసేజ్ తీసేసి, ‘గ్రూపులో గొడవలు వద్దమ్మా’ అన్నారు. తర్వాత మా అమ్మకు వైద్యం చేసిన డాక్టరు గారికి చెప్పాను. ‘ఇలాంటివి రోజూ చూస్తుంటాం, మేమేం ఆపగలం’ అన్నారు. చివరికి ఒక సోమవారం బడికి సెలవు పెట్టి, ప్రజావాణిలో అర్జీ ఇచ్చి రసీదు తెచ్చుకున్నాను. రెండు నెలల తర్వాత కనుక్కుంటే, అది మా పరిధిలోకి రాదని ఒక ఆఫీసు చెప్పింది. ఆ కాగితం మా దగ్గరికే రాలేదని ఇంకో ఆఫీసు చెప్పింది. విడివిడిగా చెబితే ఎవరూ వినలేదు కాబట్టి అందరికీ కలిపి ఇలా రాస్తున్నాను.

ముందు జరిగింది చెబుతాను.

మా అమ్మకు 61 ఏళ్లు. 13 ఏళ్లుగా షుగర్ ఉంది. పొద్దున, రాత్రి మెట్‌ఫార్మిన్, పొద్దున గ్లిమిపిరైడ్, పడుకునే ముందు ఇన్సులిన్. చాలా పద్ధతిగా వాడేది. మాత్రల షీట్లన్నీ పాత బిస్కెట్ డబ్బాలో పెట్టుకుని, ఏ పూటవి ఆ పూట గిల్లుకుని వేసుకునేది. నాన్న పోయాక కూడా ఎవరి మీదా ఆధారపడకుండా ఇంట్లోనే కుట్టు మిషన్ మీద బ్లౌజులు కుట్టేది.

నిరుడు మార్చిలో మా బంధువుల గ్రూపులో ఒక పోస్టు వచ్చింది. పెట్టింది మాకు పెద్దనాన్న వరసయ్యే ఆయన. రిటైర్డ్ ఉద్యోగి, ఊళ్లో పెద్దమనిషి, అందరికీ గౌరవం. రాత్రి రెండు బెండకాయలు చీరి గ్లాసు నీళ్లలో నానబెట్టి పొద్దున పరగడుపున తాగాలి, మెంతులు, నేరేడు గింజల పొడి కలిపి మధ్యాహ్నం తీసుకోవాలి, ఒక మండలం, అంటే 41 రోజులు చేస్తే షుగర్ వేళ్లతో సహా పోతుంది అని ఉంది. కింద ఇంకో రెండు వాక్యాలున్నాయి. ‘ఇంగ్లీషు మందులు కిడ్నీలను తినేస్తాయి. మొదటి రోజు నుంచే మాత్రలు మానేయండి.’

ఆ పోస్టు కింద బొటనవేళ్లు, దణ్ణాలు వరసగా పడ్డాయి. అందులో నాదీ ఒకటి ఉంది. పెద్దాయన పెట్టారు కదా అని పూర్తిగా చదవకుండానే దణ్ణం పెట్టిన బొమ్మ పెట్టాను. అమ్మ నా దణ్ణం కూడా చూసింది. ఈ సంగతి దాచిపెట్టి మిగతావాళ్లను అడిగే హక్కు నాకు లేదు.

అమ్మ ఎవరికీ చెప్పకుండా మాత్రలు, ఇన్సులిన్ మానేసింది. వంటింటి గట్టు మీద బెండకాయ గ్లాసు నేను రోజూ చూస్తూనే ఉన్నాను, మంచిదేలే అనుకున్నాను. బిస్కెట్ డబ్బా మూత తీసి చూడాలని మాత్రం తోచలేదు. శ్రీరామనవమి రోజు గుళ్లో ఎండకు కాలిన బండల మీద అమ్మ చెప్పులు లేకుండా ప్రదక్షిణలు చేసింది. షుగర్ తగ్గిపోయిందన్న ధైర్యంతో రెండు గ్లాసుల పానకం కూడా తాగింది. కాలు బొబ్బలెక్కినా తనకు తెలియలేదు. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లకు పాదాల్లో నరాలు మొద్దుబారతాయి, నొప్పి తెలియదు. మూడు రోజుల తర్వాత నేను ఇల్లు తుడుస్తుంటే గచ్చు మీద అమ్మ నడిచిన చోటల్లా ఒక పాదం గుర్తే తడిగా కనిపించింది. నీళ్లనుకుని తుడిచాను. గుడ్డకు పసుపు రంగు అంటింది, వాసన కొట్టింది.

ఆస్పత్రిలో పరీక్ష చేస్తే షుగర్ 468 ఉంది. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష 10.4 చూపించింది, అంతకుముందు చేయించినప్పుడు 7.6 ఉండేది. కుడికాలి రెండో వేలు తీసేశారు. 11 రోజులు ఆస్పత్రిలో ఉన్నాం. లక్షా నలభై వేలు ఖర్చయింది, చిట్టీ ఎత్తి కట్టాను. ఆ తర్వాత రెండు నెలలు రోజు విడిచి రోజు డ్రెస్సింగ్. ఇంటికొచ్చి బిస్కెట్ డబ్బా తెరిస్తే నెల రోజుల మాత్రలు గిల్లకుండా అలాగే ఉన్నాయి.

ఇప్పుడు అమ్మ మిషన్ తొక్కలేదు. కుడికాలితో తొక్కే అలవాటు కదా, పావుగంటకే పాదం వాస్తుంది. ముందే తీసుకున్న బ్లౌజు గుడ్డలు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి తిరిగి ఇచ్చేసింది.

పెద్దనాన్నగారు ఆస్పత్రికి వచ్చి అమ్మ మంచం పక్కన కూర్చుని ఏడ్చారు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయనకు షుగర్ లేదు. వాళ్ల బ్యాచ్ గ్రూపులో ఎవరో పెడితే, నలుగురికీ మేలు జరుగుతుందని మాకు పంపారు. ఆ ఎవరో ఇంకెవరి దగ్గరో తీసుకున్నారు. అలా వెనక్కి వెళ్తూ పోతే ఈ మాటకు బాధ్యుడైన మనిషి ఎక్కడా దొరకడు. నా బాధంతా అక్కడే ఉంది. సలహా ఇచ్చిన చేతులు వందలున్నాయి, నష్టం మాత్రం ఒక్క కాలికే జరిగింది.

ఇప్పుడు ఒక్కొక్కటిగా చెబుతాను.

1. బెండకాయ మీద నాకు ఏ పగా లేదు. మెంతులు, కాకరకాయ, నేరేడు అన్నీ మన వంటింటివే. మాత్రలు వేసుకుంటూ, డాక్టరుకు చెప్పి ఇవి కూడా తీసుకునేవాళ్లు లక్షల్లో ఉన్నారు. అమ్మ కాలివేలు తీసుకుపోయింది బెండకాయ నీళ్లు కావు. ‘మానేయండి’ అన్న మాట. ఏ చిట్కా పోస్టు తీసుకున్నా చివర ఈ మాట ఉందో లేదో చూడండి. తినమని, తాగమని, నడవమని చెప్పేదాకా అది సలహా. మాత్ర మానేయమన్నారంటే డాక్టరు చీటీని కొట్టేసి ఇంకో చీటీ రాసినట్టే. మనిషి ముఖం చూడకుండా, కిడ్నీ పరీక్ష చూడకుండా ఆ పని డాక్టరు కూడా చేయడు.

2. ఇంగ్లీషు మందులు కిడ్నీలు తినేస్తాయన్న భయం ఎక్కడి నుంచి వచ్చిందో నేను ముగ్గురు డాక్టర్లను అడిగి తెలుసుకున్నాను. ఇది జనానికి విప్పి చెప్పేవాళ్లు లేకపోవడం వల్లే ఇంత నష్టం జరుగుతోంది. అదుపులో లేని షుగర్, బీపీ కలిసి కిడ్నీలను ఏళ్ల తరబడి దెబ్బతీస్తాయి. అలా దెబ్బతిన్న తర్వాత మెట్‌ఫార్మిన్ మోతాదు తగ్గిస్తారు, కిడ్నీ పని మరీ పడిపోతే ఆపేస్తారు, ఎందుకంటే ఆ మందు బయటికి పోవాల్సింది కిడ్నీల ద్వారానే. ఇంట్లోవాళ్లకు కనిపించేది ఏమిటి? ‘పదేళ్లు ఆ మాత్ర వాడాడు, కిడ్నీ పాడైంది, డాక్టరే ఆ మాత్ర ఆపేశాడు.’ చూసింది నిజమే, అర్థం చేసుకున్నది తిరగబడింది. వాళ్లు చూసినదాన్నే నమ్మి నలుగురికీ చెబుతారు. అందుకే వీళ్లను అబద్ధాలకోరులని తిట్టి లాభం లేదు, కూర్చోబెట్టి వివరించాలి. నిజంగా కిడ్నీలకు చేటు చేసేవి, మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో చీటీ లేకుండా కొని నెలల తరబడి మింగే నొప్పి మాత్రలు. వాటిని మానేయమని మాత్రం ఏ గ్రూపులోనూ ఒక్క పోస్టూ నాకు కనబడలేదు.

3. షుగర్ పెరిగితే వెంటనే నొప్పి పుట్టదు. మాత్ర మానేసిన మొదటి పది రోజులు మనిషికి హాయిగానే ఉంటుంది. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలతో అప్పుడప్పుడూ వచ్చే కళ్లు తిరగడం, చెమటలు కూడా ఉండవు. దానికి తోడు కొత్త చిట్కా మొదలుపెట్టినవాళ్లు అన్నం తగ్గిస్తారు, నాలుగు రోజులు వాకింగ్ చేస్తారు. ఏ కాస్త తగ్గినా పేరు బెండకాయకు పోతుంది. పదో రోజు ‘నాకు పనిచేసింది’ అని గ్రూపులో రాస్తారు. నలభయ్యో రోజు ఆస్పత్రిలో ఉన్నవాళ్లు గ్రూపులో ఏమీ రాయరు. మా అమ్మ కూడా ఆరో రోజున ‘ఒళ్లు తేలిగ్గా ఉంది వదినా’ అని రాసింది. ఆ మెసేజ్ ఇంకా ఆ గ్రూపులోనే ఉంది. దాన్ని చూసి ఇంకెవరు మానేశారో నాకు తెలియదు. రాత్రిళ్లు నన్ను నిద్రపోనివ్వని విషయం అదొక్కటే.

4. ఇది షుగర్‌తో ఆగేది కాదు. మానేస్తే ఏమవుతుందో నేను అడిగి రాసుకున్నవి కొన్ని చెబుతాను. మూర్ఛ మాత్ర ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. గుండెకు స్టెంట్ వేశాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్ర మధ్యలో ఆపితే ఆ స్టెంట్‌లోనే గడ్డ చేరి మళ్లీ గుండెపోటు రావచ్చు. టీబీ మందులు మామూలుగా ఆరు నెలలు వాడాలి. రెండు నెలలకే దగ్గు తగ్గుతుంది, ఆకలి వేస్తుంది, తగ్గిపోయిందనుకుని మానేస్తే ఆ మందులకు లొంగని టీబీగా మారి ఇంట్లో పిల్లలకు కూడా అంటుకోవచ్చు. బీపీ మాత్ర మానేస్తే పక్షవాతం రావచ్చు. థైరాయిడ్ మాత్ర గర్భిణి మానేస్తే కడుపులో బిడ్డకు ముప్పు. చిన్నప్పటి నుంచే ఇన్సులిన్ మీద బతికే టైప్ వన్ పిల్లల సంగతి వీటన్నిటికంటే ఘోరం. వాళ్ల ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారే కాదు. 1921లో కెనడాలో బ్యాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్ కనిపెట్టేదాకా ఆ జబ్బు వచ్చిన పిల్లలు బతికేవాళ్లు కారు. ఆ పిల్లలకు ఇన్సులిన్ రెండు మూడు రోజులు ఆపినా వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాసతో స్పృహ తప్పవచ్చు. మన పోస్టుల్లో మాత్రం పెద్దల షుగర్, పిల్లల షుగర్ అనే తేడా ఉండదు. అందరికీ ఒకటే గ్లాసు.

5. డెంగీ సీజన్‌లో బొప్పాయి ఆకు రసం పోస్టులు వస్తాయి. జ్వరం తగ్గింది కదా అని ఇంట్లో కూర్చుంటారు. డెంగీలో అసలు ప్రమాదం చాలామందికి జ్వరం తగ్గే రోజుల్లోనే మొదలవుతుంది. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మత్తుగా పడి ఉండటం లాంటివి కనిపిస్తే రసాలతో కాలక్షేపం చేయకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. పాము కరిస్తే కట్టు బిగించమని, కోసి రక్తం పీల్చమని, గుండెపోటు వస్తే గట్టిగా దగ్గితే చాలని వచ్చేవీ ఇలాంటివే. అన్నిట్లోనూ పోయేది సమయం.

6. మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు దాదాపు 10.1 కోట్ల మంది అని భారత వైద్య పరిశోధన మండలి వారి అధ్యయనం 2023లో చెప్పింది. షుగర్ అంచున ఉన్నవాళ్లు ఇంకో 13.6 కోట్లు. ఏ గ్రూపు తీసుకున్నా అందులో మా అమ్మ లాంటివాళ్లు కొందరైనా ఉంటారు. వాళ్లలో చదువు తక్కువైన పెద్దవాళ్లు, భర్త పోయిన ఆడవాళ్లు, పిల్లలు ఉద్యోగాలకని దూరంగా ఉన్నవాళ్లు ఉంటారు. నెలకు వెయ్యీ రెండు వేలూ మందులకు పెట్టే ఇంట్లో ‘ఖర్చు లేకుండా పోతుంది’ అన్న మాటకు ఎంత బలం ఉంటుందో ఆలోచించండి. మా అమ్మ కూడా ఆ తర్వాత ఒప్పుకుంది. ‘నీకు చిట్టీలు, పిల్లాడి ఫీజులు ఉన్నాయి, నా మందుల ఖర్చైనా తగ్గుతుందనుకున్నానే’ అంది.

ఇక మీలో ఒక్కొక్కరిని నేను అడిగేవి.

అడ్మిన్లూ, ముందు మీతో.

సభ్యులు పెట్టిన పోస్టుకు అడ్మిన్ నేరస్థుడు కాడని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. అది న్యాయమే. కాబట్టి మిమ్మల్ని కేసులతో బెదిరించడానికి రాయడం లేదు. పెళ్లి పత్రికలు, చావు కబుర్లు, బ్లడ్ కావాలన్న మెసేజ్‌లు అందరికీ అందేలా చూసేది మీరే, ఆ కష్టం నాకు తెలుసు. అందులో ఒక పని చేర్చుకోమంటున్నాను.

7. ఏ మందైనా మానేయమనే పోస్టు మీ గ్రూపులోకి వస్తే తీసేయండి. అడ్మిన్‌కు ఎవరి మెసేజ్ అయినా అందరికీ కనబడకుండా తీసేసే వీలు 2022 నుంచే ఉంది. పెట్టినవారు పెద్దవారైతే ముందు ఫోన్ చేసి, ‘బాబాయ్, చిట్కా వరకు ఉంచుదాం, మాత్రలు మానేయమన్న లైను తీసేసి మళ్లీ పెట్టండి’ అని చెప్పండి. అవమానపడరు. మా పెద్దనాన్నగారితో ఆ రోజు ఎవరైనా ఆ మాట అని ఉంటే ఆయన తప్పకుండా వినేవారు.

8. తీసేసి ఊరుకోకండి. ఎందుకు తీశారో రెండు ముక్కలు రాయండి. ఊరికే తీసేస్తే ఆ పోస్టు ఇంకో గ్రూపు నుంచి మళ్లీ వస్తుంది. రెండు బాణాల గుర్తు ఉంటే అది చేతులు మారి మారి వచ్చిందని అర్థం. అలాంటిదాన్ని ఒకసారికి ఒక్కరికో, ఒక్క గ్రూపుకో మాత్రమే పంపగలిగేలా వాట్సాప్ వాళ్లు 2020 ఏప్రిల్ నుంచి కట్టడి పెట్టారు. కాపీ చేసి కొత్తగా పెడితే ఆ గుర్తూ ఉండదు, ఆ కట్టడీ ఉండదు. మా గ్రూపులోకి వచ్చింది అలా కాపీ చేసిన పోస్టే. అందుకే గుర్తు లేదు కదా అని సొంత అనుభవం అనుకోకండి. ‘ఇది మీరు వాడి చూశారా, ఎవరు చెప్పారు?’ అని ఒక్క మాట అడగండి.

9. గ్రూపు వివరణలో ఈ మూడు వాక్యాలు పెట్టండి. కాపీ చేసుకోవచ్చు, నా పేరు అక్కర్లేదు. ‘ఈ గ్రూపులో చిట్కాలు చెప్పుకోవచ్చు. ఏ మందూ మానేయమని చెప్పకూడదు. మందు మానాలన్నా, మార్చాలన్నా రాసిన డాక్టరునో, దగ్గర్లోని ప్రభుత్వ ఆస్పత్రినో అడగాలి.’

10. ఇల్లు కాలుతుంటే అరిచినవాళ్ల నోరు మూయకండి. నా మెసేజ్‌లో తిట్టు ఒక్కటి లేదు. అమ్మకు జరిగింది రాసి, దయచేసి ఎవరూ మాత్రలు మానవద్దని రాశాను. దాన్ని గొడవ అన్నారు. బెండకాయ పోస్టు మాత్రం ఈ రోజుకీ ఆ గ్రూపులో ఉంది.

డాక్టర్లకు ఒక విన్నపం.

మీ ముందు ఒక్క పూటలో వంద మంది క్యూలో ఉంటారని తెలుసు. అయినా ఈ మాట చెప్పక తప్పదు. ‘మానేసే ముందు డాక్టరును అడగొచ్చు కదమ్మా’ అని నేనంటే మా అమ్మ, ‘అడిగితే తిడతారే’ అంది. పదమూడేళ్లలో ఒకే ఒక్కసారి ధైర్యం చేసి, ఈ మాత్రలు ఎన్నాళ్లండీ అని అడిగిందట. ‘జీవితాంతం’ అని ఒక్క ముక్క చెప్పి తరవాతి పేషెంట్‌ను పిలిచారట. గ్రూపులో ఆమెను వదినా, పిన్నీ, అత్తా అని పిలిచి నాలుగు లైన్లు తెలుగులో రాసేవాళ్లున్నారు. ఆస్పత్రిలో ఆమె ఒక టోకెన్ నంబరు. ఎవరి మాట వింటుంది?

11. ఏ మాత్ర దేనికో, ఏది అస్సలు ఆపకూడదో చీటీ మీద తెలుగులో ఒక్కో ముక్క రాయించండి. మీకు తీరిక లేకపోతే నర్సు గారో, మందులిచ్చే ఫార్మసిస్టో రాయవచ్చు.

12. ప్రతిసారీ ‘ఇంకేమైనా వాడుతున్నారా అమ్మా?’ అని అడగండి. చెబితే కోప్పడకండి. కోప్పడితే ఆ తర్వాత చెప్పరు, వాడటం మాత్రం ఆపరు.

ఇక ఆరోగ్య శాఖ అధికారులకు.

నా అర్జీలో రాసిందే మళ్లీ రాస్తున్నాను. మా గ్రూపులో ఆ పోస్టు వచ్చిన వారానికే, అదే మాటలతో ఒక చూర్ణం ప్రకటన కూడా వచ్చింది. 41 రోజుల కోర్సు, ఫోన్ నంబరు, కొరియర్‌లో ఇంటికే. ఉచిత చిట్కా ముందు వచ్చి నమ్మకం నాటింది, డబ్బు గుంజే ప్రకటన వెనక వచ్చింది. రెండూ ఒకరి పనేనని నేను చెప్పలేను. విచారించగలిగింది మీరే.

13. డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం 1954లోనే వచ్చింది. షుగర్, క్యాన్సర్, బీపీ లాంటి జబ్బులు నయం చేస్తామని మందుల ప్రకటనలు ఇవ్వడం ఆ చట్టం ప్రకారం నేరం. మొదటిసారి ఆరు నెలల దాకా, మళ్లీ చేస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. తెలంగాణలో ఔషధ నియంత్రణ అధికారులు ఈ చట్టం కింద దాడులు చేసి సరుకు పట్టుకున్న వార్తలు పేపర్లో చదివాను, సంతోషం. మా జిల్లాలో లోకల్ కేబుల్‌లో, గ్రూపుల్లో నడుస్తున్న ప్రకటనల మీద కూడా చర్య తీసుకోండి. ఎవరికి, ఏ నంబరుకు ఫిర్యాదు చేయాలో ప్రతి పల్లె దవాఖానా గోడ మీద, ప్రతి మెడికల్ షాపులో తెలుగులో రాయించండి. నాలాంటి చదువుకున్నదానికే మూడు ఆఫీసులు తిరిగినా తెలియలేదు.

14. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు బీపీ, షుగర్ ఉన్నవాళ్ల ఇళ్లకు వెళ్తూనే ఉన్నారు. మందు అందిందా అని అడుగుతున్నారు. ‘వేసుకుంటున్నారా, మానేశారా, ఎవరైనా మానేయమన్నారా’ అని కూడా అడగమనండి. మాత్రల డబ్బా ఒకసారి తెరిచి చూడమనండి. అమ్మ డబ్బాను ఎవరో ఒకరు రెండో వారంలో తెరిచి ఉంటే ఆమె వేలు నిలిచేది. ఆ ఎవరో ఒకరిలో మొదటిదాన్ని నేనేనని నాకు తెలుసు. అందరి ఇళ్లలో కూతుళ్లు ఉండరు కాబట్టి అడుగుతున్నాను.

15. నిజం కూడా అదే దారిలో రావాలి. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని పుకార్లు రేగి దేశంలో చాలా చోట్ల అమాయకులను కొట్టి చంపినప్పుడు, జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి గారు కానిస్టేబుళ్లను ఊళ్లకు పంపారు. వాళ్లు డప్పు కొట్టి, పాట కట్టి, ఆ మెసేజ్‌లు నమ్మవద్దని రచ్చబండల దగ్గర చెప్పారు. ఊరివాళ్లకు అర్థమయ్యే మాటలో, ఊరివాళ్ల మధ్యకే వెళ్లి చెప్పారు కాబట్టి విన్నారు. పుకారు మీద పోలీసులు చేయగలిగింది, మందుల మీద ఆరోగ్య శాఖ చేయలేదా? వారానికి ఒక్కటి, రెండు నిమిషాల ఆడియో చాలు. మన జిల్లా డాక్టరు గొంతుతో, మన యాసలో, ఒక్కోసారి ఒక్కో మందు గురించి. ఆశా కార్యకర్తల ద్వారా ఊరి గ్రూపుల్లో వేయించండి. పెద్దవాళ్లు పెద్ద పెద్ద పోస్టర్లు చదవరు, ఆడియో మాత్రం చెవి దగ్గర పెట్టుకుని పూర్తిగా వింటారు. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న మన పిల్లలకు కూడా ఇక్కడి అమ్మానాన్నలకు పంపడానికి నమ్మకమైనది ఒకటి దొరుకుతుంది. ఇప్పుడు వాళ్లూ భయంతో, ప్రేమతో ఏది కనబడితే అది పంపుతున్నారు.

16. నా అర్జీకి రాతపూర్వకంగా సమాధానం ఇవ్వండి. మీ పరిధి కాకపోతే ఎవరి పరిధో ఆ కాగితం మీద రాయండి.

అర్జీ జిరాక్సు, రసీదు, ఆ ప్రకటన ప్రింటు, అమ్మ డిశ్చార్జి కాగితాలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. వచ్చే సోమవారం వాటితో మళ్లీ ప్రజావాణికి వస్తున్నాను. అమ్మ కూడా వస్తానంది. ఎక్కువసేపు నిలబడలేదు కాబట్టి ఒక కుర్చీ ఇప్పించమని మనవి.

ఇట్లు,
ఒక ప్రభుత్వ ఉపాధ్యాయురాలు